ఆ పిల్లకు లెక్క రాకనా, మన మాట అందకనా?

ప్రశ్న: గుంటూరులో మిర్చి యార్డుకు దగ్గర్లో ఉన్న ఒక బడిలో టీచరుగా పని చేస్తున్నాను. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు మా బడిలో మొదటినుంచీ ఉన్నారు. ఈ మధ్య స్పిన్నింగు మిల్లుల్లో పనికి వచ్చిన ఒడిశా, బీహారు కుటుంబాల పిల్లలు, తండాల నుంచి వచ్చిన లంబాడీ పిల్లలు కూడా చేరుతున్నారు. సంక్రాంతి దాటాక కర్నూలు వైపు నుంచి కాయ కోతలకు వచ్చేవాళ్ల పిల్లలు కొన్ని నెలలు ఉండి వెళ్తారు. ఇలాంటి తరగతుల్లో ఎలా పని చెయ్యాలో తోటి టీచర్లకు ఒక పూట శిక్షణ ఇవ్వమని కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) సమావేశం కోసం నన్ను అడిగారు. "అన్ని భాషలూ మనమే నేర్చుకోవాలా?" అని టీచర్లు అంటారు. తల్లిదండ్రులేమో "మా భాష వద్దమ్మా, తెలుగు, ఇంగ్లీషు నేర్పండి చాలు" అంటారు. నా మూడో తరగతిలో ఒక ఒడియా పిల్ల చేరి మూడు నెలలైంది, ఇంతవరకు నోరు విప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు మీ మూడో తరగతి పిల్ల సంగతి మాట్లాడుకుని తర్వాత శిక్షణ దగ్గరికి వద్దాం. మీరు టీచర్లకు చెప్పాల్సిన దాంట్లో సగం ఆ పిల్ల దగ్గరే ఉంది.

కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు తెరవరు. వింటూ ఉంటారు. ఏ మాటకు అందరూ లేస్తున్నారు, ఏ మాటకు పుస్తకం తీస్తున్నారు, ఏ మాటకు నవ్వుతున్నారు అని గమనించుకుంటూ ఉంటారు. రెండో భాష నేర్చుకునే పిల్లల్లో ఇది బాగా తెలిసిన దశే. కాబట్టి కంగారు పడకండి గానీ, రెండు సంగతులు మాత్రం తేల్చుకోండి. ఇంట్లో తల్లితో, తమ్ముడితో గలగలా మాట్లాడుతోందా? వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా? ఇంట్లో కూడా మాట్లాడటం లేదన్నా, పిలుపు వినపడటం లేదనిపించినా వెంటనే వినికిడి పరీక్ష చేయించాలి, అక్కడ ఆలస్యం పనికిరాదు. ఇంట్లో బాగానే మాట్లాడుతోందంటే బడిలో మాట్లాడకపోవడం ఒక్కదాన్ని బట్టి ఆ పిల్లకు లోపం ఉందనుకోకండి. ప్రత్యేక అవసరాల జాబితాలో రాసి భవిత కేంద్రానికి పంపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఈలోగా లేపి నిలబెట్టి "చెప్పు, చెప్పు" అనవద్దు. చేత్తో జవాబు చెప్పే వీలివ్వండి. బొమ్మ చూపించమనండి, గింజలు లెక్కపెట్టి పెట్టమనండి, బోర్డు మీద గీత గీసి కలపమనండి. పాటలు, అందరూ కలిసి చెప్పే ఎక్కాలు బాగా పనికొస్తాయి, గుంపులో గొంతు కలపడానికి పిల్లలు అంతగా భయపడరు. పక్కన కూర్చునే పిల్లను మాత్రం మీరే ఎంచుకోండి. సాధారణంగా బాగా చదివే పిల్లను కూర్చోబెడతాం. బాగా కబుర్లు చెప్పే పిల్లను కూర్చోబెట్టి చూడండి.

ఇక శిక్షణ. శిక్షణ అనగానే మనవాళ్లు చార్టులు, కృత్యాలు, టీఎల్‌ఎం (బోధన సామగ్రి)తో మొదలుపెడతారు. నా మాట వింటే వాటిని ఆఖరున పెట్టండి. ఇలాంటి తరగతికి టీచరును సిద్ధం చెయ్యాలంటే అన్నిటికంటే ముందు ఒక్క నేర్పు రావాలి. పిల్లకు విషయం తెలియలేదా, మన మాట అందలేదా అన్నది విడదీసి చూడగలగాలి. ఆ నేర్పు లేకపోతే ఎన్ని పద్ధతులు తెలిసినా, ఏడాది మొదట్లో పెట్టే బేస్‌లైన్ పరీక్షలో సున్నా వచ్చిన ఒడియా పిల్ల ఆ టీచరు కంటికి చదువురాని పిల్లగానే కనిపిస్తుంది. అలా ఒకసారి మనసులో పడ్డాక టీచరు ఆ పిల్లకు తేలిక పనులే ఇస్తారు, ప్రశ్నలు అడగడం మానేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ పిల్ల నిజంగానే వెనకబడుతుంది. ఎంతోమంది పిల్లల చదువు ఇలాగే పాడవుతోందని నా గట్టి నమ్మకం.

అందుకని మొదటి అరగంట ఇలా గడపండి. మిల్లు కాలనీ నుంచి కాస్త చదువుకున్న ఒడియా తల్లిని ఒకరిని పిలవండి. ఆమె టీచర్లందరికీ ఒడియాలో చిన్న లెక్కల పాఠం చెప్పాలి, తెలుగు మాట ఒక్కటీ రాకూడదు. మధ్యమధ్య ప్రశ్నలు అడగాలి, ఒకరిద్దరిని లేపాలి, నోటుపుస్తకంలో రాయమనాలి. మీరు పక్కన నిలబడి ఎవరేం చేస్తున్నారో రాసుకోండి. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూస్తారు. అర్థమైనట్టు తలాడిస్తారు. కాసేపటికి కిటికీ వైపు చూస్తారు, కొందరు ఫోను తీస్తారు. తర్వాత అదే పాఠం, అదే ఒడియాలో, రెండోసారి చెప్పించండి. ఈసారి గింజలు ఉండాలి, బోర్డు మీద బొమ్మ ఉండాలి, ఒకే వాక్యం అవే మాటలతో నాలుగైదుసార్లు రావాలి, జవాబు చేత్తో చూపిస్తే చాలనాలి. భాష మారలేదు, మనుషులు మారలేదు, అయినా ఈసారి లెక్క చాలామందికి అందుతుంది. అప్పుడు మీరు రాసుకున్న కాగితం చదివి వినిపించండి. "మొదటి పాఠంలో మనం చేసినవి ఇవి. ఇవే పిల్లలు చేస్తే మనం ఏమనుకుంటున్నాం?" అని అడిగి ఊరుకోండి. వాళ్లను మాట్లాడనివ్వండి.

ఆ తల్లికి ఆ రోజు కూలి తప్పకుండా ఇప్పించండి, అందరూ తలా కాస్త వేసుకునైనా సరే. షిఫ్టు మానుకుని వస్తుంది కదా. ముందురోజు ఆమెతో కూర్చుని పాఠం ఒకసారి చెప్పించుకోండి. మీ బడి పిల్లల్లో ఎవరినీ ఈ పనికి పెట్టవద్దు. అంతమంది టీచర్ల ముందు నిలబడి పాఠం చెప్పడం పిల్లలు మొయ్యాల్సిన బరువు కాదు.

రెండో భాగానికి కనీసం గంట ఉంచుకోండి, అసలు పని అక్కడే జరుగుతుంది. ప్రతి టీచరూ తన తరగతిలో ఇంటి భాష వేరుగా ఉన్న ఇద్దరు ముగ్గురు పిల్లల ఫార్మేటివ్ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల) పేపర్లు తెచ్చుకోవాలి. ఎర్ర ఇంకుతో చుట్టిన ప్రతి తప్పు దగ్గరా ఆగి, ఇది విషయం తెలియక చేసిందా, తన భాష అలవాటు వల్ల చేసిందా అని ఇద్దరిద్దరు కలిసి తేల్చాలి. మీ చేతికి కొన్ని ఉదాహరణలు ఇస్తాను.

ఒడియా, హిందీ లిపుల్లో మన ఎ, ఏలకు కలిపి ఒక్కటే అక్షరం. ఒ, ఓలకు కూడా అంతే. ఆ లిపి కాస్త నేర్చుకుని వచ్చిన పిల్లకు మెడ, మేడ ఒక్కలాగే వినపడతాయి. డిక్టేషన్‌లో పదిసార్లు తప్పు రాసినా శ్రద్ధ లేదని అనుకోకూడదు, ఆ తేడా పట్టుకోవడం ఆమె చెవికి ఇంకా అలవాటు కాలేదు. పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే ఏమీ రాదు. రెండు బొమ్మలు ముందు పెట్టి, "నేను అన్నది ఏదో ముట్టుకో" అని రోజూ ఐదు నిమిషాలు ఆడించండి. చెవికి వచ్చాక చేతికి వస్తుంది.

ఒడియా క్రియలో ఆడ, మగ తేడా ఉండదు. అందుకే ఆ పిల్ల "అమ్మ వచ్చాడు" అంటుంది. తరగతంతా నవ్వుతుంది, ఆమె మళ్లీ నాలుగు రోజులు నోరెత్తదు. "అవునా, అమ్మ వచ్చిందా? ఎప్పుడు వచ్చింది?" అని టీచరు మామూలుగా మాట కలిపితే చాలు, సరైన రూపం చెవిన పడుతుంది, మాటా ఆగదు. హిందీలో మనం, మేము రెండింటికీ "హమ్" ఒక్కటే. బీహారు పిల్లవాడు "మేడమ్, మనం ఊరికి వెళ్తున్నాం" అంటే వాళ్లింట్లోవాళ్లు వెళ్తున్నారని అర్థం.

లెక్కల టీచర్లు మరీ ముఖ్యంగా తెలుసుకోవాల్సింది సంఖ్యల పేర్ల సంగతి. ఇరవై ఐదు అన్నప్పుడు ముందు ఇరవై వినపడుతుంది, తర్వాత ఐదు. 25 అని రాసే వరసా అదే. హిందీ, ఉర్దూల "పచ్చీస్"లో ఐదు ముందు వినపడుతుంది. పైగా ఆ భాషల్లో నూరు లోపు సంఖ్యల పేర్లు చాలావరకు దేనికది కంఠస్థం చెయ్యాల్సిందే. ఇంట్లో పచ్చీస్, టీచరు నోట ఇరవై ఐదు, పుస్తకంలో ట్వంటీ ఫైవ్. మూడూ ఒకటేనని ఆ పిల్లవాడు లోపల పోల్చుకోవాలి. అక్కడ కాసేపు తడబడితే స్థానవిలువలు రావని రాసేయకుండా, పదుల కట్టలు, విడి పుల్లలు చేతికిచ్చి 25 పేర్చమనండి. పేర్చాడంటే స్థానవిలువ వచ్చినట్టే, రావాల్సింది పేరు.

రాతలెక్కల్లో ఇది ఇంకా బాగా తేలుతుంది. "24 మామిడిపండ్లను నలుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయి?" అన్నదానికి ఖాళీ వదిలేసిన పిల్లకు 24 గింజలు, నాలుగు పళ్లేలు ఇచ్చి సైగ చేసి చూడండి. పంచిపెట్టిందంటే భాగహారం తెలుసు. "సమానంగా", "ఒక్కొక్కరికి", "చొప్పున", "మిగిలినవి" లాంటి మాటలే ఆమెను ఆపుతున్నాయి. వీటిని లెక్కకు ముందే చేసి చూపించి నేర్పాలి. తెలుగిళ్ల పిల్లలు కూడా చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కాబట్టి ఈ పని ఎవరికీ వృథా పోదు. మీ కాంప్లెక్స్‌లో ఈ మధ్య బీఈడీ చేసి వచ్చినవాళ్లు ఉంటే ఈ భాగం వాళ్లచేత నడిపించండి. 2015లో బీఈడీ రెండేళ్లు అయినప్పటినుంచి సిలబస్‌లో "లాంగ్వేజ్ అక్రాస్ ద కరికులమ్" అనే పేపరు ఉంది. సైన్సు టీచరైనా, సోషల్ టీచరైనా తన సబ్జెక్టు భాషను తనే నేర్పాలన్నది దాని సారం. పరీక్ష కోసం చదివినదాన్ని వాళ్లు తమ పిల్లల పేపర్ల మీద పెట్టి చూసుకోవడానికి ఇదే సందర్భం.

"వాడికి తెలుగు ఎప్పుడో వచ్చేసిందండీ, బయట ఆడుకునేటప్పుడు చూడండి ఎంత బాగా మాట్లాడతాడో, పుస్తకం ఇస్తేనే రాదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఉర్దూ ఇళ్ల పిల్లల గురించి ఈ మాట ఎక్కువగా వస్తుంది. దీనికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. కెనడాలో వలస కుటుంబాల పిల్లల చదువుల మీద పని చేసిన జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు 1979లోనే ఈ రెండు రకాల భాషనూ వేరు చేసి చూపించాడు. ఆటలో, అంగడిలో మాట్లాడే భాష దాదాపు రెండేళ్లలో వచ్చేస్తుంది, ఎదుటివాళ్ల ముఖం, చెయ్యి, చుట్టూ ఉన్న వస్తువులు సాయం చేస్తాయి. పాఠంలో వాడే భాషలో తోటి పిల్లలతో సమానం కావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఆటస్థలంలో తెలుగు విని, ఇక పాఠం రాకపోవడం వాడి బద్ధకమే అనుకోవడం ఆ పిల్లవాడికి అన్యాయం.

ఏ పిల్లది ఏ భాషో తెలియకుండా ఇదేమీ సాగదు. ప్రభుత్వం ప్రతి బడి నుంచీ తీసుకునే యూడైస్ వివరాల్లో మాతృభాష అనే గడి ఉంది. చేర్చుకునేటప్పుడు ఎవరో "తెలుగు" అని నింపేసి ఉంటే దాన్ని నమ్మకండి. తరగతి ముందు "మీ ఇంట్లో ఏ భాష?" అని అడిగితే లంబాడీ పిల్లలు చాలామంది తెలుగనే చెప్తారు, నలుగురూ నవ్వుతారని. విడిగా, "అమ్మమ్మతో ఏ భాషలో మాట్లాడతావు? తమ్ముడిని ఏ భాషలో తిడతావు?" అని అడగండి, నిజం వస్తుంది. "ఒడిశావాళ్లు", "హిందీవాళ్లు" అని గుంపుగా రాసుకోవడమూ తప్పే. బలంగీర్, నువాపడా వైపు నుంచి వచ్చిన పిల్లలు ఇంట్లో సంబల్‌పురి మాట్లాడతారు, పుస్తకాల ఒడియాకు దానికి తేడా ఉంది. బీహారు పిల్లల ఇంటి మాట భోజ్‌పురో, మైథిలో, మగహీయో అయి ఉంటుంది. లంబాడీనైతే జనాభా లెక్కల్లోనే హిందీ కింద కలిపి లెక్కిస్తారు. ఆ పిల్లలకు హిందీ పుస్తకం ఇస్తే సరిపోతుందని దాన్నిబట్టి ఎవరూ అనుకోకూడదు.

కర్నూలు పిల్లల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన గుంటూరు, కృష్ణా టీచర్లకు కష్టమైంది అదే. పాఠ్యపుస్తకాల తెలుగు మన ఇళ్లలో మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉంటుంది. దాంతో మనం మాట్లాడేదే తెలుగు, మిగతాదంతా యాస అన్న భావం మనకు తెలియకుండానే పాతుకుపోయింది. కోసిగి నుంచో, ఆదోని నుంచో వచ్చిన పిల్లవాడు "యాడికి పోతాండావు" అంటే ముందు నవ్వేది పిల్లలు, తర్వాత సరిదిద్దేది టీచరు. ఆ పిల్లవాడి ఇంట్లో అదే తెలుగు, తాతముత్తాతల నుంచి వచ్చిన తెలుగు. జవాబు సరైనదైతే ముందు "సరిగ్గా చెప్పావు" అనాలి, తర్వాత పుస్తకంలో ఎలా ఉందో చూపించాలి. ఈ వరస తిరగబడితే పిల్లవాడు జవాబు చెప్పడమే మానేస్తాడు. టీచర్లలో శ్రీకాకుళం వైపువాళ్లో, రాయలసీమవాళ్లో ఉంటే, చదువుకునే రోజుల్లో తమ మాట మీద ఎవరైనా నవ్వారా అని అడగండి. గది మొత్తానికి తెలిసొస్తుంది.

"అన్ని భాషలూ నేర్చుకోవాలా?" అన్న ప్రశ్నకు నా జవాబు, అక్కర్లేదు. ఓ పాతిక ముప్పై మాటలు చాలు. నీళ్లు, ఆకలి, నొప్పి, భయం, బాత్రూము, అమ్మ, రా, కూర్చో, బాగా చేశావు. వీటిని పిల్లల దగ్గరే నేర్చుకోమనండి. టీచరు తప్పుగా పలికి, పిల్ల సరిచేసిన రోజున ఆ పిల్లకు బడిలో చోటు దొరుకుతుంది. ఇది సాధ్యమా అనేవాళ్లకు మన గిడుగు రామమూర్తి పంతులును గుర్తు చెయ్యండి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, వ్యావహారిక తెలుగు గురించి మాట్లాడతాం. పర్లాకిమిడిలో పని చేస్తూ ఆయన అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు నడిపారు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. ఆయన వృత్తి కూడా మన వృత్తే. ఆ దారిలోనే ఉమ్మడి రాష్ట్రంలో సవర, కోయ, గోండి, బంజారా (లంబాడీ) లాంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలు తయారయ్యాయి. బంజారా వాచకం ఒకటి సంపాదించగలిగితే మీ తండా పిల్లలకు అది చాలా ఉపయోగం.

భాష తెలిసిన పెద్దపిల్లను దుబాసిగా వాడుకోవడం టీచర్లకు అలవాటు. ఎప్పుడో ఒకసారి పరవాలేదు. రోజూ ఏడో తరగతి పిల్లను మూడో తరగతికి పిలిస్తే ఆమె పాఠాలు పోతాయి. ఆ వయసు ఆడపిల్లలు ఇప్పటికే తమ్ముళ్లను ఎత్తుకోవడానికి బడి మానుతున్నారు, మనం కూడా ఒక గంట తీసుకోకూడదు.

తల్లిదండ్రులు తెలుగు, ఇంగ్లీషు కావాలనడం న్యాయమే. ఈ ఊళ్లో బతకాలి, ఆస్పత్రిలో, మిల్లులో మాట్లాడాలి. వాళ్లతో వాదన పెట్టుకోకండి. "మీ భాషను నేర్పడం కోసం కాదు, తెలుగు త్వరగా అర్థం కావడం కోసం మీ మాటల్ని వాడుకుంటున్నాను" అని చెప్పి, ఒక నెల తర్వాత పిల్ల చేసిన పని చూపించండి. ఇంట్లో మాత్రం తమ భాషలోనే కథలు చెప్పమనండి, రాని తెలుగులో పిల్లలతో మాట్లాడవద్దనండి. టీచర్లలో ఎవరైనా నిబంధన ఏదని అడిగితే మూడు ఉన్నాయి. ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాక పిల్లలకు మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చెయ్యాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్తోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించమంటోంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి వరకు, వీలైతే ఎనిమిది వరకు ఇంటి భాష ఉండాలంటోంది. గుంటూరులో ప్రతి బడికీ ఒడియా టీచరు వచ్చేదాకా ఆగలేం కాబట్టి, ఆ లోపల టీచరు చెయ్యగలిగిందే మీ శిక్షణలో పెట్టండి.

మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వచ్చే పుస్తకాలు తెలుగు పిల్లలకు మేలు చేస్తున్నాయి. ఒడియా పిల్లకు రెండు పేజీలూ కొత్తవే. అందుకని ఆమెకు నోటికి రాని మాటను రాయించకండి. ముందు మాట, తర్వాతే అక్షరం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఒకే కథ అవే బొమ్మలతో ఒడియా, హిందీ, ఉర్దూ, తెలుగుల్లో ఉచితంగా దొరుకుతుంది. మొదట ఇంటి భాషలో చదివించుకుని, లేదా అమ్మచేత వినిపించి, మర్నాడు అదే కథ తెలుగులో చెప్పండి. కథ ముందే తెలుసు కాబట్టి తెలుగు మాటలు దాని వెంట వస్తాయి.

చివరగా, కొన్ని నెలలే ఉండే పిల్లలు. కాయ కోతల పిల్లలు, ఇటుక బట్టీల పిల్లలు ఎండాకాలంలో వెళ్లిపోతారు. "ఎలాగూ పోతారు" అని వెనక బెంచీలో వదిలేయడం మీ గదిలో ఎవరైనా చేస్తుంటే గట్టిగానే చెప్పండి. టీసీ ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఇలాంటి పిల్లలకు సిలబస్ పూర్తి చెయ్యాలన్న లక్ష్యం వద్దు. లెక్కలు ముందుకు సాగాలి, సొంత లిపి మర్చిపోకూడదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఉండే దీక్ష యాప్‌లో ఒడిశా పుస్తకాలు తీసి వారానికి రెండు రోజులైనా ఆ లిపిలో చదివించండి. ఆ లిపి మీకు రాకపోయినా పిల్ల చదువుతుంటే పక్కన కూర్చోవచ్చు. వెళ్లేటప్పుడు ఆ పిల్ల చేతికి ఒక పేజీ కాగితం ఇవ్వండి. ఏ తరగతిలో ఎన్ని నెలలు ఉంది, ఏ లెక్కలు వచ్చు, ఏ లిపి ఎంతవరకు చదువుతుంది, ఏ భాషలో అడిగితే జవాబు చెప్తుంది, బడి ఫోను నంబరు. కర్నూలుకైతే తెలుగులో, ఒడిశాకైతే ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి బడి ముద్ర వెయ్యండి. ఆ కాగితం నమూనా ఒకటి ముందే తయారుచేసుకుని, సమావేశం ముగిసేలోపు ప్రతి టీచరు చేతా తన తరగతిలోని ఒక్క పిల్లకు నింపించండి. నింపలేక ఆగిపోయిన గడులు ఏవో రాసుకోండి, తర్వాతి నెల సమావేశం వాటితోనే మొదలుపెట్టవచ్చు.